ఎర్రగడ్డి ఎంతిన్

పారొంగ్‌పొంగ్ కొండవాలులో అన్నిటికన్నా కిందున్న వీధిని గడ్డి సందు అంటారు. పై వీధులవాళ్ళు గులాబీలు, చామంతులు పెంచుతారు. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు కుళాయి దగ్గర కలిసినప్పుడల్లా "మేం పూలమ్ముతాం, మీరు మేతమ్ముతారు" అని ఎకసెక్కాలాడతారు. గడ్డి సందువాళ్ళూ తక్కువ తినలేదు. "మీ పూలది మూణ్ణాళ్ళ ముచ్చట. మా గడ్డి ఒకసారి నాటితే మనవలు కూడా కోసుకుంటారు" అని అక్కడికక్కడే అంటిస్తారు.

ఈ సందులో ఒక పద్ధతుంది. ఒక ఇంటికి ఒక గడ్డి. ఓనిహ్ ఇల్లు నక్కతోక గడ్డికి పెట్టింది పేరు. ఆ కుచ్చు కంకులు గాలికి ఊగుతుంటే బాగుంటుందని హోటళ్ళవాళ్ళు మెట్ల పక్కన వరసగా వేయించుకుంటారు. ఆ పక్కింటిది తెల్లచారల గడ్డి, ఎత్తు కుండీల్లోంచి జడలా కిందికి జారుతుంది. ఒకరి గడ్డిని ఇంకొకరు పెంచరు. దీనికి ఎవరూ కాగితం రాసుకోలేదు, ఒట్టూ పెట్టుకోలేదు. అయినా తాతలనాటి నుంచి ఎవరూ దాటలేదు. పిలకలిచ్చే తల్లి దుబ్బును చంపుకున్న ఇల్లు మాత్రం ఆ గడ్డిని వదులుకోవాలి. దాన్ని నిలబెట్టగలిగినవాళ్ళు పట్టుకుపోవచ్చు.

ఎంతిన్ ఇంటిది ఎర్రగడ్డి.

నిజానికది అలాంగ్-అలాంగే. బీడుపడిన చేలల్లో, పట్టించుకునేవాళ్ళు లేని సమాధుల మీద మొలిచే దర్భజాతి గడ్డి. ఆకు అంచు తగిలితే వేలు తెగుతుంది. ఎప్పుడో ఎక్కడో ఒక దుబ్బుకి ఆకు చివరి నుంచి సగం దాకా నెత్తురు రంగు పట్టింది. ఆ దుబ్బు పిలకలే ఎంతిన్ అత్తగారి చేతికొచ్చాయి. అయితే ఆ గడ్డి తన పుట్టుక మరిచిపోదు. నాలుగు రోజులకోసారి దుబ్బు మధ్యలోంచి మామూలు పచ్చ పిలక ఒకటి తల ఎత్తుతుంది. ఎరుపు మెత్తనిది, పచ్చ మొరటుది. చూసీ చూడనట్టు ఒక్క వానాకాలం వదిలేస్తే పచ్చ మొత్తం మడిని మింగేస్తుంది. అందుకని కనిపించిన రోజే వేరుతో సహా లాగెయ్యాలి. దీన్ని పచ్చ ఏరడం అంటారు. ఎర్రగడ్డి పెంచడమంటే నీళ్ళు పోయడం, ఎరువు వేయడం కాదు, పచ్చ ఏరడమే.

ఎంతిన్ పదిహేడేళ్ళకి మజలాయా మగ్గాల వీధి నుంచి ఈ కొండకి కోడలిగా వచ్చింది. వచ్చిన మూడో రోజు తెల్లారగానే అత్తగారు ఆమెను మడిలో తూర్పుముఖంగా నిలబెట్టింది. "ఎండ ఆకుల వెనకాలనుంచి రావాలి. ఎర్రది పొయ్యిలో నిప్పులా వెలుగుతుంది. పచ్చది నల్లగా నిలబడిపోతుంది. అరగంటే సమయం. ఆ తరవాత చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే" అంది. ముప్పై తొమ్మిదేళ్ళుగా ఎంతిన్ ఆ అరగంటని పోనివ్వలేదు. కూతురు విన్‌విన్ పుట్టిన ఎనిమిదో రోజున పిల్లని తుండుగుడ్డలో కట్టుకుని మడిలో దిగింది. తొమ్మిదేళ్ళ కిందట మొగుడు కార్నా పోయినప్పుడు, ఖననం చేసివచ్చిన మర్నాడు కూడా దిగింది. మనిషికి బాధ లేదా అని సందులో గుసగుసలు పోయాయి. బాధ ఉంది. పచ్చకి ఆ సంగతి తెలియదు కదా!

మడి ఇంటి వెనకాల ఉంటుంది, చుట్టూ వెదురు దడి. లోపలికి ఎవరినీ రానివ్వదు. విన్‌విన్ పన్నెండేళ్ళప్పుడు సాయం చేద్దామని దూరి, పచ్చ అనుకుని రెండు ఎర్ర పిలకలు పీకింది. ఎంతిన్ ఆ చేతి మీద ఒక్కటి వేసింది. "మళ్ళీ ఇందులో కాలు పెట్టావంటే చూడు!" అంది. విన్‌విన్ మళ్ళీ కాలు పెట్టలేదు. పెద్దదయ్యాక పాల కేంద్రంలో పనికి చేరింది. తెల్లవారుజామున పాల క్యాన్లు తూచడానికి పోతే ఎండ ఎక్కాకే ఇంటికి వస్తుంది.

నగరంలో తోటలు వేసేవాళ్ళ నోట ఒక మాట ఉండేది: ఎంతిన్ కుండీ పచ్చబడదు. ఆ మాట కోసమే ఆమె బతికిందంటే అతిశయోక్తి కాదు.

ఆ ఏడు ఎండాకాలంలో దగ్గు మొదలైంది. సందంతా వినబడేలా దగ్గేది.

"ఏమే ఎంతినూ, పొద్దస్తమానం ఆ దగ్గేంటే? మా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి" అని ఓనిహ్ దడి మీంచి తల పెట్టి అడిగింది.

"మంచు పడిందిలే. నీ కోళ్ళు నీలాగే. పని ఎగ్గొట్టడానికి ఏదో ఒక వంక కావాలి వాటికి."

"ఒళ్ళు కూడా చిక్కిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు."

"నా నెత్తురంతా గడ్డిలోకి పోయింది. వచ్చి చూసుకో."

నవ్వులాటగానే అంది గానీ, ఆ మధ్యాహ్నమే రెండు వ్యాన్లు మారి, తెలిసిన మొహం ఒక్కటీ కనబడని పట్నం ఆస్పత్రికి వెళ్ళింది. అది టీబీ అని ఆమెకి ముందే తెలుసు. రెండేళ్ళ కిందట ఒకసారి వచ్చింది. అప్పుడు మూడో నెలలో ఒంట్లో బాగుందని, మాత్రలు కడుపులో తిప్పుతున్నాయని మానేసింది. అది మళ్ళీ తిరగబెట్టింది. వరసలో పాతికమంది వింటుండగా నర్సు మందలించింది: "మధ్యలో మానేసినవాళ్ళకి మూడోసారి మందు పనిచేస్తుందని నేను మాటివ్వలేను పెద్దమ్మా. ఈసారి ఎనిమిది నెలలు. ఒక్క పూట కూడా తప్పడానికి వీల్లేదు."

ఎంతిన్ తలొంచుకుని వింది. ఈసారి తప్పనని తనకు తాను ఒట్టు పెట్టుకుంది. విన్‌విన్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ ఇంటి టీ గ్లాసు ఎవరూ ముట్టరు. కుండీ కొనేవాడు కూడా రెండడుగులు వెనక్కి జరిగి నిలబడతాడు.

నెలనెలా మాత్రలకి వెళ్ళినప్పుడు నర్సు అడిగేది: "కళ్ళు మసకగా ఉన్నాయా? రంగులు ఏమన్నా తేడాగా కనబడుతున్నాయా? అలా ఉంటే దాచకుండా చెప్పాలి. వెంటనే ఆ మాత్ర ఆపి వేరేది ఇవ్వాలి."

మొదట్లో "బాగున్నాయమ్మా" అని నిజమే చెప్పింది.

నాలుగో నెలలో ఒకరోజు అన్నం ముందు కూర్చుని రోట్లోని కారప్పచ్చడివైపు చూసి ఎంతిన్ విసుక్కుంది.

"ఇదేం సంబల్ నూరావే? పచ్చి మిరపకాయలు, పచ్చి టమోటాలు! పండినవి దొరకలేదా?"

"పచ్చివేంటమ్మా? నిప్పుల్లా ఉన్నాయి. పండి పగిలిపోతున్నాయి కూడా."

"నాకు చెబుతావా? మట్టిరంగులో ఉన్నాయి."

విన్‌విన్ టమోటా తీసి తల్లి మొహం ముందు పెట్టింది. "సరిగ్గా చూడు."

ఎంతిన్ చూసింది. చేతిలో ఉన్నది టమోటా అని దాని నునుపును బట్టి తెలుస్తోంది. రంగు మాత్రం తడి మట్టిది. అయినా పైకి "ఆ, పండిందే. పొయ్యి పొగ కళ్ళలో పడింది" అని ఎండుచేప తుంచుకుని అన్నం కలుపుకుంది. ఆ పూట సంబల్ ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. విన్‌విన్ నవ్వింది.

మర్నాడు తెల్లారి మడిలో నిలబడింది. ఎండ గుట్ట మీంచి వాలుగా పడింది. ప్రతి ఆకు అంచునా మంచు బొట్లు మెరిశాయి. కానీ పొయ్యిలో నిప్పు లేదు. మడి మొత్తం బూడిదలా ఉంది, చల్లారిన పొయ్యిలా. ఎండ నడినెత్తికి వచ్చేదాకా అక్కడే నిలబడింది. ఆ రోజు ఒక్క పిలక కూడా పీకలేదు.

నర్సు మాట గుర్తురాలేదని కాదు. వచ్చింది. కానీ ఎంతిన్ చెవికి అందులో ఒక్క ముక్కే తగులుకుంది, మాత్ర ఆపాలన్నది. వేరేది ఇస్తారన్న ముక్క ఎక్కలేదు. ఒకసారి మానేస్తేనే కదా ఇంత దాకా వచ్చింది! ఆపితే చావు, ఆపకపోతే చూపు. చూపు ఇవాళ కాకపోతే రేపు వస్తుందిలే, నాలుగు నెలలు ఓపిక పడితే మాత్రలైపోతాయి, రంగు తిరిగొస్తుంది అనుకుంది. తరవాతి నెల నర్సు అడిగినప్పుడు "బాగున్నాయమ్మా" అని అబద్ధం చెప్పింది.

పచ్చ పిలక ఎర్రదానికన్నా ఎత్తుగా లేస్తుందని, ఆకు గరుగ్గా ఉంటుందని ఆమెకి తెలుసు. కాబట్టి చేత్తో ఏరడం మొదలుపెట్టింది. ఎత్తుగా ఉన్నదల్లా పీకేసింది. అందులో మంచి నేలలో పడి బాగా ఎదిగిన ఎర్రవి ఎన్ని పోయాయో దేవుడికే ఎరుక. పొట్టిగా ఉన్నదల్లా వదిలేసింది. అందులో అప్పుడే తల ఎత్తుతున్న పచ్చవి ఎన్ని మిగిలాయో అదీ తెలియదు.

తొలి వానలు పడ్డ వారానికి మాంగ్ ఉజు వచ్చాడు. మాంగ్ అంటే బాబాయి. ఉజు ఊరందరికీ బాబాయే. తోటలు వేసే మేస్త్రీ, కార్నాకి తమ్ముడి లాంటి స్నేహితుడు. ఎంతిన్‌ని వదినా అని పిలుస్తాడు. చిన్న లారీ ఆపి, టీ పొయ్యమంటూ అరుగు మీద కూర్చున్నాడు.

"వదినా, నీ దశ తిరిగింది. కొండవెనక కొత్త శ్మశానం కడుతున్నారు చూశావా? నగరంలో డబ్బున్నవాళ్ళకి. గోడలు, గేటు, పాలరాయి! చచ్చాక కూడా వాళ్ళకి మనకన్నా మంచి ఇల్లు."

"అయితే నన్నేం చెయ్యమంటావ్? ఇప్పుడే వెళ్ళి పడుకోమంటావా?"

"నీకక్కడ చోటివ్వరులే, నీ దగ్గుకి పక్కవాళ్ళు లేచి కూర్చుంటారు. గడ్డి కావాలి. నాలుగు పెద్ద మడులు, దారి పొడుగునా అరవై కుండీలు. అన్నీ నీ ఎర్రగడ్డే. వేరే గడ్డి వద్దన్నాడు, కట్టిస్తున్న అయ్యగారు."

ఎంతిన్ టీ గ్లాసు చేతుల మధ్య తిప్పింది. "సమాధుల పక్కన అలాంగ్-అలాంగా? ఎవరన్నా ఒప్పుకుంటారా?"

"అదే నేనూ అడిగా. ఎర్రగా ఉంటే అది అలాంగ్-అలాంగ్ అని ఎవడికి తెలుస్తుంది, దీపాల్లా ఉంటుంది అన్నాడాయన. పచ్చబడదు కదా అని అడిగాడు. ఎవరి గడ్డనుకున్నారు, ఎంతిన్‌ది అన్నా. అంతే, మళ్ళీ మాట్లాడితే ఒట్టు."

అప్పుడు కాదనాలి. అనడానికి నోరు తెరిచింది కూడా. దడికి అవతల ఓనిహ్ నక్కతోకల కుండీలకి నీళ్ళు పోస్తూ చెవులు రిక్కించి ఉంది. ఎర్రగడ్డి ఎంతిన్ అరవై కుండీలు కాదందంటే సాయంత్రానికి సందంతా పాకుతుంది. ఎందుకు కాదందని అడుగుతారు. ఎందుకో తెలిస్తే తల్లి దుబ్బు చూస్తామంటారు.

"ఎప్పటికి కావాలి?" అని అడిగింది.

"పది రోజులు."

ఆ సాయంత్రం విన్‌విన్‌ని పిలిచి "రేపు ఒక్క పూట పాలకి సెలవు పెట్టవే, పిలకలు విడదియ్యాలి" అంది.

విన్‌విన్ చేస్తున్న పని ఆపి చూసింది. "నేనా? మడిలోకా? నాకు ఎర్ర పచ్చ తెలియదని నువ్వే కదా చెయ్యి వాచేలా కొట్టావ్!"

"అప్పుడు చిన్నదానివి."

"ఇప్పుడు పెద్దదాన్నయ్యా, కొడితే ఇంకా గట్టిగా తగులుతుంది" అని విన్‌విన్ నవ్వేసింది. "నాతో పనిచేసే మల్లీ కాన్పుకి వెళ్ళింది. కేంద్రంలో నేనొక్కదాన్నే. అడిగినా సెలవివ్వరు."

ఇంకోసారి అడిగితే వచ్చేదేమో. ఎంతిన్ అడగలేదు.

పిలకలు విడదీసే పద్ధతి ఇది. ముందు దుబ్బుని నాలుగు వేళ్ళ ఎత్తుకి కోసేస్తారు. ఆకులుంటే నీరు లాగి వేరు ఎండిపోతుంది. తరవాత పారతో ఎత్తి, కత్తితో చీల్చి, ఒక్కో ముక్క మొదట్లో పొర గీరి చూస్తారు. మంచి పిలకకి ఆ పొర కింద సన్నని ఎర్ర జీర ఉంటుంది. పచ్చదానికి ఉండదు. ఆ జీర చూడటం నేర్చుకోవడానికి ఎంతిన్‌కి మూడేళ్ళు పట్టింది. ఆ తరవాత చీకట్లో చూపించినా చెప్పగలిగేది. ఇప్పుడు పట్టపగలు, పాక ముందర పీట వేసుకుని, ముక్క తరవాత ముక్క గీరి కళ్ళకి ఆనించుకుని చూసింది. ప్రతిదానికీ ఒకటే బూడిద గీత.

మాంగ్ ఉజు కుండీలు సిద్ధం చేస్తున్నాడు. అడుగు చిల్లు మీద పెంకు ముక్క బోర్లించి, వెదురు పొద కింది మట్టిలో వరి ఊక కలిపి నింపి, నడిమధ్య గడ్డికి గుంట వదిలి, అంచుల వెంబడి పాకే తీగ నాటుతున్నాడు.

"ఏంటి వదినా, పెళ్ళికూతుర్ని చూసినట్టు ఒక్కోదాన్నీ అంతసేపు చూస్తున్నావ్? ఇలాగైతే ఆ చచ్చినవాళ్ళు మళ్ళీ పుడతారు."

ఎంతిన్ చేతిలో ముక్క ఉంది. బరువుగా ఉంది. వేళ్ళు తెల్లగా గట్టిగా ఉన్నాయి. పచ్చ వేళ్ళు కూడా అలాగే ఉంటాయి.

"పెట్టు" అని అందించింది. "ఇదీ పెట్టు. ఇదీ."

ఆ తరవాత చూడటం మానేసింది. చూసినట్టు నటించడం కోసం పొర మాత్రం గీరుతూ ఉంది.

శ్మశానంలో మడులు కూడా ఉజూయే వేశాడు. గడ్డి వేరు దాటిపోకుండా మడి చుట్టూ మూరెడు లోతున రేకు పాతాడు. పిలకలు సూటిగా వరసలో కాకుండా ఏటి అలల్లా వంకర వంకరగా నాటాడు. కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. దానికి ఎవరూ కంగారు పడలేదు. ఎర్రగడ్డి వానాకాలంలో మొదట పచ్చగానే వస్తుంది, ఎండ తగిలాక చివర్లు కాలుతాయి. ఓపిక పట్టండని ఉజు అయ్యగారికి చెప్పాడు. అయ్యగారు ఓపిక పట్టాడు.

ఉపవాసాల నెలకు ముందు ఎవరి పెద్దల సమాధుల దగ్గరకి వాళ్ళు వెళ్ళి శుభ్రం చేసి, నీళ్ళు పోసి, పూలు చల్లి వస్తారు. ఆ వారంలో ఒక మధ్యాహ్నం మాంగ్ ఉజు వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు.

"వదినా, ఒకసారి నాతో రా."

"ఏమైంది?"

"రా. అక్కడ చెబుతా."

దారి పొడుగునా లారీలో ఒక్క జోకు వెయ్యలేదు.

గేటు దాటగానే చూసింది. రంగు ఆమెకి తెలియలేదు. కానీ నడుం ఎత్తు గడ్డి మీద తెల్లటి కంకులు ఊగుతున్నాయి. ఎర్రగడ్డి కంకి వెయ్యడం ముప్పై తొమ్మిదేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. కంకి వేసేది పచ్చే. నాలుగు మడుల్లోనూ, దారికి రెండు పక్కలా కుండీల్లోనూ, పాలరాతి సమాధుల మధ్యా కంకుల నూగు తెల్లగా దూదిలా ఎగిరి, పలకల మీద వాలి, మూలల్లో పోగుపడింది.

"పొద్దున ఒక ముసలావిడ వచ్చింది" అన్నాడు ఉజు. "నగరం నుంచి. కొడుకులు, కోడళ్ళు, పూలబుట్టలు. వాళ్ళమ్మ సమాధి అదిగో, ఆ మూలది. చూసి అక్కడే కూలబడింది. 'దిక్కూ మొక్కూ లేనిదాన్లా మా అమ్మ మీద అలాంగ్-అలాంగ్ మొలిచిందిరా' అని ఏడ్చింది. అయ్యగారు నా మొహం చూశాడు. నేను ఎక్కడ చూడాలి చెప్పు? తలొంచుకున్నా." ఆగాడు. "ఎలా వదినా? నీ చేత్తో ఏరిచ్చావు కదా ఒక్కోటీ! నా కళ్ళముందు చూశావు కదా!"

ఎంతిన్ ఒక ఆకు తుంచింది. అంచు వేలు కోసింది. నెత్తురొచ్చింది, అది కూడా మట్టిరంగే.

"ఉజూ, ఇది ఏ రంగు?"

"అదేం ప్రశ్న? పచ్చ."

"నా వేలు మీదది?"

ఉజు ఆమె మొహంలోకి చూశాడు.

"నాకు తేడా తెలియదు" అంది ఎంతిన్. "అప్పుడూ తెలియలేదు. నీకు అందించినప్పుడు. ఒక్కదానికీ తెలియలేదు."

ఉజు ఒక్కటే అడిగాడు. "ఒక్క మాట చెబితే నేను చూసేవాణ్ణి కదా?"

ఎంతిన్ తుంచిన ఆకు కింద పడేసి లారీ వైపు నడిచింది.

విన్‌విన్ మర్నాడే తల్లిని ఆస్పత్రికి లాక్కుపోయింది. నర్సు అరవలేదు, అరిచినా బాగుండేది. ఆ మాత్ర ఆపి ఇంకోటి రాశారు. టీబీ తగ్గుతోందన్నారు. కళ్ళ డాక్టరు పుస్తకంలో చుక్కలు చూపించి అంకెలు చదవమన్నాడు. ఎంతిన్‌కి చుక్కలే కనబడ్డాయి. రంగులు తేడా వచ్చిన నెలలోనే చెప్పి ఉంటే పూర్తిగా తిరిగొచ్చేది, ఇప్పుడు కొంత రావచ్చు, రాకపోవచ్చు, కొన్ని నెలలు చూడాలి అన్నాడు. వ్యాన్‌లో వచ్చేటప్పుడు విన్‌విన్ కిటికీలోంచి బయటికి చూస్తూ "ఆ రోజు టమోటా..." అని ఆగిపోయింది.

ఆదివారం తెల్లవారి విన్‌విన్ పనికి పోకుండా మడిలో దిగింది. తల్లి గట్టు మీద కూర్చుంది.

"చెప్పు" అంది ఎంతిన్.

"పచ్చ."

"తరవాతది?"

"పచ్చ. ఇదీ పచ్చే. అమ్మా, ఇక్కడంతా పచ్చే."

"మధ్యలోకి పో. అత్తమ్మ నాటిన దుబ్బు అక్కడుంది, రాయి పక్కన."

విన్‌విన్ వంగింది. ఆకులు విడదీసిన చప్పుడు వినిపించింది. చాలాసేపు వినిపించింది.

"ఉంది. కొంచెం ఉంది. నాలుగైదు పిలకలు. చివర్లు ఎర్రగా ఉన్నాయి."

"ఎంత ఎరుపు?"

విన్‌విన్ తలెత్తి చూసింది. "ఎరుపమ్మా. ఎరుపంటే ఎరుపే" అంది.

మిగిలింది ఒక కుండీకి సరిపడా. దాన్ని ఇంట్లో ఉంచుకుంటే రోజూ తెల్లారి ఏరేవాళ్ళుండాలి. విన్‌విన్ పాలకేంద్రం మానదు, మానితే పొయ్యి వెలగదు. "నేను మానేస్తాలే" అని ఒకసారి అంది. ఎంతిన్ ఒప్పుకోలేదు. మూడేళ్ళు నేర్పాలి, నేర్పేదానికి కళ్ళు కావాలి.

కుండీ ఎత్తుకుని తనే ఓనిహ్ గుమ్మంలోకి వెళ్ళింది. సందులో ఇలాంటిది జరిగితే ఎవరో ఒక పెద్దమనిషి మధ్యలో నిలబడతాడు. ఎంతిన్ ఎవరినీ పిలవలేదు.

ఓనిహ్ వంట మధ్యలో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ముప్పై ఏళ్ళు ఎర్రగడ్డి మీద కన్నేసి ఈ రోజు కోసం కాచుకున్న మనిషి. తీరా ఎదురుగా వచ్చి నిలబడితే కుండీ వైపే చూసింది.

"నాకెందుకే ఇది? నా నక్కతోకలు నాకు చాలవా?"

"నువ్వు కాకపోతే పై వీధివాళ్ళు అడుగుతారు. గులాబీలతో పాటు పెంచుతారు, సంవత్సరం తిరక్కుండా చంపేస్తారు."

"నాకు ఏరడం రాదు కదా!"

"తెల్లారి తూర్పుకి తిరిగి నిలబడు. ఎండ ఆకుల వెనకనుంచి రావాలి." ఎంతిన్ దగ్గు వచ్చినట్టు చేసి ఆగింది. "అరగంటే. ఆ తరవాత చూసి లాభం లేదు."

ఓనిహ్ కుండీ తీసుకుంది. "కూర్చో, అల్లం పాలు పోస్తా" అంది. ఎంతిన్ కూర్చోలేదు. అప్పటికే టీబీ సంగతి సందంతా పాకింది. ఓనిహ్ ఆ మాట పైకి అనలేదు గానీ గ్లాసు కోసం లోపలికి వెళ్ళి ఏ గ్లాసు తియ్యాలో తోచక ఆలస్యం చేసింది. ఎంతిన్‌కి ఆ ఆలస్యం అర్థమైంది.

శ్మశానంలో మడులు తవ్వడానికి కూలీలు దొరకలేదు. అలాంగ్-అలాంగ్ తవ్వకమంటే ఎవరూ రారు. పైకి కోస్తే వారంలో వస్తుంది, వేరు తెగితే ప్రతి ముక్కా మొలుస్తుంది. రేకు కింద నుంచి కూడా దూరి సమాధుల పక్కకి పోయింది. మాంగ్ ఉజు ఒక్కడే పార పట్టుకుని ఉండగా ఒక ఉదయం ఎంతిన్ గేటు దగ్గర కనబడింది. మొలకి గుడ్డ చుట్టుకుని, చేతిలో చిన్న తవ్వుగోల.

"నువ్వొద్దు వదినా. మందులు మింగుతున్నావు. ఇంటికి పో."

"ఇంట్లో ఏం చెయ్యను?"

ఉజు పక్కకి జరిగి దారిచ్చాడు. ముసలావిడ వాళ్ళమ్మ సమాధి దగ్గర నుంచే ఎంతిన్ మొదలుపెట్టింది. ఇక్కడ చూడటానికేమీ లేదు. ఏదీ ఉంచక్కర్లేదు. ఎర్రదైనా, పచ్చదైనా అన్నీ పోవాలి. మోకాళ్ళ మీద కూర్చుని మట్టి గుల్ల చేసి, వేరు పట్టుకుని అది ఎటు పోతే అటు చేతులు పోనిచ్చింది. వేరు చివర సూదిలా ఉంటుంది. అది వేలికి గుచ్చుకున్నప్పుడు చివర దొరికినట్టు. దొరికేదాకా వదల్లేదు. మధ్యాహ్నానికి ఒక సమాధి చుట్టూ అయింది. సాయంత్రానికి ఇంకోటి సగమైంది. మూడు వారాలు పట్టింది. రోజూ ఉజు లారీలోనే వచ్చేది.

ఒకరోజు మబ్బు కమ్మి చినుకులు మొదలయ్యాయి. కాపలావాడు పాకలోంచి గొడుగు పట్టుకుని వచ్చాడు. కొత్తవాడు, ఆమె ఎవరో తెలియదు.

"పెద్దమ్మా, తడుస్తారు, లేవండి. మీవాళ్ళెవరు ఇక్కడ? అమ్మా? నాన్నా?"

ఎంతిన్ చేతులు మోచేతుల దాకా పలక కింద ఉన్నాయి. వేరొకటి రాతి కిందికి దూరిపోయింది, చివర ఇంకా చేతికి తగల్లేదు.

"ఎవరూ కాదు బాబూ" అంది. "నువ్వు పో. ఇది ఇప్పుడు వదిలేస్తే తెగిపోతుంది."